ఆవగింజ, పెసరగింజ, కందిగింజ: పీవైఎంటీ ఎలుకల ప్రాజెక్టు డైరీ

జనవరి 11

క్వారంటైన్ పూర్తయింది. పొద్దున పదిన్నరకు ఎలుకలు మా గదిలోకి వచ్చాయి. మగవి మూడు, ఆడవి ఆరు. అన్నీ ఎఫ్‌వీబీ జాతి చిట్టెలుకలే. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. ఈ జాతికి రెటీనా పాడైపోయే జన్యులోపం పుట్టుకతోనే ఉంటుంది. తల్లిపాలు మానే వయసుకే చూపు దాదాపుగా పోతుంది. కేజ్ మూత తీస్తే మన వైపు తల తిప్పవు, ముక్కు మాత్రం ఆగకుండా కదులుతూ ఉంటుంది. అందుకే ఈ గదిలోకి వచ్చేవాళ్లు సెంటు పూసుకోకూడదని, పూలు పెట్టుకోకూడదని మేడమ్ మొదటి రోజే చెప్పారు.

మూడు మగవాటి ఒంట్లోనూ ఒక అదనపు జన్యువు ఉంది. పాలియోమా అనే వైరస్ నుంచి తీసిన 'మిడిల్ టీ' జన్యువు అది. దానికి ముందు ఎంఎంటీవీ అనే ఇంకో వైరస్ నుంచి తెచ్చిన స్విచ్ తగిలించారు. ఆ స్విచ్ ముఖ్యంగా పాలగ్రంథుల కణాల్లో పడుతుంది. 1992లో కెనడాలో విలియం ముల్లర్, ఆయన సహచరులు ఈ ఎలుక గురించి ప్రకటించారు. ఆ జన్యువు పేరుమీదే దీన్ని పీవైఎంటీ ఎలుక అంటారు. ఆడపిల్లకు ఈ జన్యువు ఒక్క కాపీ వస్తే చాలు, మనుషుల్లో ఏళ్లు పట్టే రొమ్ము క్యాన్సర్ దాని ఒంట్లో మూడు నెలల్లో మొదటినుంచి చివరిదాకా నడుస్తుంది. గడ్డ రావడం, పెరగడం, ఊపిరితిత్తులకు పాకడం, అన్నీ కళ్లముందే జరుగుతాయి. పైగా ఈ ఎలుకకు రోగనిరోధక శక్తి పూర్తిగా ఉంటుంది. మనిషి క్యాన్సర్ కణాలను ఎలుకలో ఎక్కించాలంటే దాని రోగనిరోధక శక్తిని ముందే తీసేయాలి. ఇక్కడ ఆ అవసరం లేదు.

జన్యువు మగవాటి ద్వారానే ఎందుకు తెస్తామంటే, పాజిటివ్, అంటే ఈ జన్యువు ఉన్న, ఆడ ఎలుకలకు పాలు సరిగా పడవు, పిల్లలు బతకవు. కాబట్టి పాజిటివ్ మగదాన్ని మామూలు ఆడదానితో జత చేయాలి. పిల్లల్లో సగం పాజిటివ్, అందులో సగం ఆడవి. అంటే పుట్టిన ప్రతి నాలుగింట్లో నాకు పనికొచ్చేది ఒకటి.

మా ల్యాబ్ అసలు ప్రశ్న, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడాన్ని ఒక మందు ఆలస్యం చేయగలదా అన్నది. అది వచ్చే ఏడాది పని. దానికి ముందు మా గదిలో, మా మేత తిని, మా నీళ్లు తాగే ఎలుకలకు గడ్డ ఎన్నో రోజున తగులుతుంది, ఎన్నో వారానికి ఊపిరితిత్తులు చేరుతుంది అన్న లెక్క మా దగ్గర ఉండాలి. పరిశోధన పేపర్లలో ఉన్న అంకెలు ఆయా ల్యాబుల అంకెలు. మా అంకెలు మేమే తీయాలి. ఆ పని నాకు అప్పగించారు.

జనవరి 14

జతలు కలిపాం. ఒక్కో మగదానికి రెండేసి ఆడవి.

కొత్తగా చేరిన జూనియర్ ఇవాళ మంచి ప్రశ్న అడిగింది. "అక్కా, చెడిపోతే మనుషుల్లో రొమ్ము క్యాన్సర్ తెచ్చే బ్రాకా జన్యువు ఉంది కదా, అది వదిలేసి ఎక్కడో వైరస్ జన్యువు పెట్టిన ఎలుక ఎందుకు?"

కూర్చోబెట్టి చెప్పాను. ఆడవాళ్లలో బ్రాకా1 రెండు కాపీల్లో ఒకటి చెడిపోయినా ముప్పు బాగా పెరుగుతుంది. ఎలుకలో ఒకటి చెడగొడితే ఏమీ కాదు, హాయిగా బతికేస్తుంది. రెండూ చెడగొడితే పిల్ల తల్లికడుపులోనే చనిపోతుంది. అందుకని ఆమ్‌స్టర్‌డామ్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇంకో దారి పట్టారు. ఒళ్లంతా కాకుండా పాలగ్రంథి లాంటి కొన్ని కణజాలాల్లో మాత్రమే బ్రాకా1ను, దానితోపాటు క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 అనే జన్యువును కూడా తీసేశారు. ఆ ఎలుకల్లో వచ్చే గడ్డలు బ్రాకా1 చెడిపోయిన ఆడవాళ్ల గడ్డలకు చాలా దగ్గరగా ఉంటాయి. ఒలాపరిబ్ అనే మందు వాటిమీద ఎలా పనిచేస్తుందో, కొన్నాళ్లకు ఎందుకు పనిచేయడం మానేస్తుందో 2008లో ఆ ఎలుకల్లోనే చూపించారు. ఆ మందు ఇప్పుడు రోగులకు ఇస్తున్నారు. అయితే ఆ ఎలుకల్లో గడ్డ రావడానికే ఆరేడు నెలలు పడుతుంది. పాకడం గురించి అడిగేవాళ్లకు పీవైఎంటీ ఎలుకే నయం. ఏ ఎలుకా మనిషికి నకలు కాదు. ఏ ప్రశ్నకు ఏ ఎలుక అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎంఎంటీవీ స్విచ్ కథ కూడా తనకు చెప్పాను, నాకు బాగా ఇష్టమైన కథ. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే ఊళ్లో, జాక్సన్ ల్యాబొరేటరీలో జాన్ బిట్నర్ అనే ఆయన ఉండేవారు. క్యాన్సర్ ఎక్కువగా వచ్చే జాతి ఎలుక పిల్లల్ని, పుట్టీపుట్టగానే క్యాన్సర్ తక్కువ వచ్చే జాతి తల్లి దగ్గర పెట్టి పాలు తాగించారు. పిల్లల్లో క్యాన్సర్ బాగా తగ్గిపోయింది. వంశంలో వస్తోందనుకున్నది పాలలో వస్తోందని 1936లో ప్రకటించారు. ఆ పాలలో ఉన్నది వైరస్ అని తర్వాత తేలింది. అదే ఎంఎంటీవీ. ఆ వైరస్‌లోంచి స్విచ్ ఒక్కటి తీసుకుని ఫిలిప్ లెడర్ వాళ్లు 1984లో క్యాన్సర్ జన్యువు పెట్టిన ఎలుకల్ని చేశారు. మా గదిలో ఉన్నవి ఆ వరసలోవే.

ఫిబ్రవరి 5

ఆరింట్లో అయిదు ఈనాయి. రెండో తారీఖు నుంచి ఇవాళ్టి దాకా వరుసగా 8, 9, 7, 9, 6 పిల్లలు. మొత్తం 39.

పుట్టిన రోజు పిల్ల చిటికెన వేలి కొసంత ఉంటుంది. ఒంటిమీద వెంట్రుక ఉండదు, చర్మం పల్చగా గులాబీ రంగులో ఉంటుంది. పొట్ట ఎడమ పక్కన తెల్లటి మచ్చ కనిపిస్తే పాలు తాగిందని గుర్తు. పట్టుకోకుండానే, టార్చి వేయకుండానే, మూత కాస్త పక్కకు జరిపి ఆ తెల్లమచ్చలు లెక్కపెట్టుకున్నాను.

ఫిబ్రవరి 7

ఆరు పిల్లలున్న కేజ్‌లో ఒక్కటీ మిగల్లేదు. తల్లే తినేసింది. తొలి కాన్పు తల్లులు బెదిరితే ఇలా చేస్తాయి. నిన్న పక్క గదిలో డ్రిల్లింగ్ పని జరిగింది. కారణం అదేనని చెప్పలేను గానీ, ఆ సంగతి డైరీలో ఉండాలి. ఇకనుంచి ఈనిన వారం దాకా ఆ రాక్ దగ్గర ఏ పనీ పెట్టొద్దని తలుపుమీద కాగితం అంటించాం.

ఫిబ్రవరి 21

చెవులకు రంధ్రాలు కొట్టి నంబర్లు ఇచ్చాం. ఆ చెవి ముక్కతోనే డీఎన్ఏ తీసి, ఆ అదనపు జన్యువు ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష పెట్టాను. మిల్లీమీటరో రెండో ఉండే ముక్క, ఎనిమిది ట్యూబుల స్ట్రిప్పుల్లో వేసుకుంటాం. సాయంత్రానికి జెల్ మీద బ్యాండ్లు వచ్చాయి. పై బ్యాండు ఉంటే పాజిటివ్. కింద బ్యాండు అందరికీ ఉండాలి, అది లేకపోతే డీఎన్ఏ సరిగా రాలేదని అర్థం.

33 పిల్లల్లో ఆడవి 17. వాటిలో 8 పాజిటివ్, 9 నెగెటివ్.

ఫిబ్రవరి 25

పిల్లల్ని తల్లుల దగ్గరనుంచి వేరు చేశాం. కార్డులు రాశాను.

మార్చి 10

అయిదు వారాలు నిండాయి. ముందే ప్రొటోకాల్‌లో రాసుకున్న ప్రకారం ఒక పాజిటివ్, ఒక నెగెటివ్ ఆడ ఎలుకను ఇవాళ తీసుకున్నాం. చిట్టెలుకకు పాలగ్రంథులు అయిదు జతలు. వాటిలో నాలుగోది గజ్జల దగ్గర ఉంటుంది, పల్చగా పరుచుకుని ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే వాడతారు. చర్మం లోపలి వైపు నుంచి దాన్ని ఒలిచి గాజు స్లైడ్ మీద పరచాలి. మడత పడకుండా పరచడమే పని అంతా. మొదటిసారి అంచు చుట్టుకుపోయింది. రెండోదానికి మేడమ్ పక్కన నిలబడి, "లాగొద్దమ్మా, దాని బరువుకి దాన్నే పడనివ్వు" అన్నారు.

మార్చి 12

స్లైడ్లు తయారయ్యాయి. కార్నాయ్ ద్రావణంలో ఒక రాత్రి, కార్మైన్ రంగులో ఒక రాత్రి, తర్వాత ఆల్కహాల్, జైలీన్. కొవ్వంతా గాజులా పారదర్శకమై, పాలనాళాలు మాత్రం ఎర్రగా మిగిలాయి.

నెగెటివ్ ఎలుకది చూస్తే ఆకులు రాలిన చెట్టును పడుకోబెట్టినట్టుంది. చనుమొన దగ్గర ఒక మాను, దాన్నుంచి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, ప్రతి రెమ్మ చివరా చిన్న మొగ్గ. ఆ మొగ్గలే ముందుకు తోసుకుంటూ పోయి కొవ్వులో దారి చేస్తాయి. మధ్యలో ముదురు ఎరుపు గుండ్రటి మచ్చ ఒకటి, అది లింఫ్ గ్రంథి.

పాజిటివ్ దానికీ అదే చెట్టు. కానీ మాను మొదట్లో, చనుమొనకు దగ్గరగా, పుట్టతేనె పట్టు పట్టినట్టు గుబురుగా ఒక ముద్ద. బయటనుంచి వేలు పెట్టి చూస్తే ఏమీ తగల్లేదు ఈ ఎలుకకు. రెండు రోజుల క్రితం నేనే పట్టి చూశాను. గడ్డ లేదని రాసుకున్నాను. లోపల ఇంత జరుగుతోంది.

మార్చి 17

ఇవాళ్టినుంచి వారానికి రెండుసార్లు తడిమి చూడటం. ఎలా చూడాలో నాకు నేర్పింది యానిమల్ హౌస్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న అన్న. ఆయన చదివింది పదో తరగతి. చేతిలో ఎలుక కదలదు, మెడ వెనక చర్మం పట్టుకునే పద్ధతిలోనే దానికి భయం పోతుంది.

"వేలితోని నొక్కొద్దమ్మా. ఊకె జారనియ్యి. జారేటప్పుడు అదే తగుల్తది," అన్నాడు.

పై జతల దగ్గర మొదలుపెట్టి, చంక కిందనుంచి గజ్జల దాకా పది చోట్లా వేలి కొస జార్చుకుంటూ రావాలి. లింఫ్ గ్రంథి తగిలి గడ్డనుకుంటాం, పక్కటెముక కొస తగిలినా అనుకుంటాం. గడ్డ మాత్రం చర్మం కింద కాస్త జరుగుతుంది, వేలి కింద తప్పించుకున్నట్టు.

నోట్‌బుక్‌లో మిల్లీమీటర్లు రాయాల్సిన గడి ఉంది. కానీ అంత చిన్నదాన్ని క్యాలిపర్ (మందం కొలిచే పరికరం) పట్టదు. అన్న ఒక పాత మందు డబ్బాలో ఆవగింజలు, పెసరగింజలు, కందిగింజలు, శనగలు వేసి తెచ్చాడు. కళ్లు మూసుకుని, సర్జికల్ గ్లౌజ్ కింద ఒక్కో గింజ పెట్టి, పైనుంచి వేలు జార్చి ఏదో చెప్పమన్నాడు. గంటసేపు అదే చేశాం. తర్వాత క్యాలిపర్‌తో గింజల్నే కొలిచాను. మా డబ్బాలో పెసరగింజ దాదాపు 4 మిల్లీమీటర్లు, శనగ 8. ఇప్పుడు నా గడిలో రెండు వరసలున్నాయి, అంకె ఒకటి, గింజ ఒకటి.

ఆ గంటసేపూ మా పెద్దమ్మే గుర్తొచ్చింది. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలిందట, కందిగింజంత. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. పొగాకు పనులు, మనవడి పుట్టెంట్రుకలు, పెళ్లిళ్లు. నిమ్మకాయంత అయ్యాక మా అమ్మకు చెప్పింది. మన దేశంలో 2022లోనే దాదాపు 1.92 లక్షల మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ తేలిందని అంచనా. ఆ లెక్క చదివినప్పుడల్లా ఇందులో ఎంతమంది కందిగింజ దగ్గరే చెప్పగలిగారా అనిపిస్తుంది. పెద్దమ్మ చెప్పలేకపోయింది.

మార్చి 24

మొదటి గడ్డ. ఎడమ పక్క రెండో గ్రంథి. వయసు 49 రోజులు. ఆవగింజకు ఎక్కువ, పెసరకు తక్కువ. మూడుసార్లు చూసి, అన్నతో కూడా చూపించి రాశాను.

ఏప్రిల్ 3

52వ రోజున ఒకదానికి, 55న ఒకదానికి, 58న ఒకదానికి. మొదటిది ఇప్పుడు క్యాలిపర్‌కు అందుతోంది. పొడవు 6.2, వెడల్పు 5.1 మిల్లీమీటర్లు. వెడల్పును వెడల్పుతో గుణించి, పొడవుతో గుణించి, సగం చేస్తే దాదాపు 81 ఘన మిల్లీమీటర్లు. దానికే ఇంకో రెండు చోట్ల పెసరగింజలు మొదలయ్యాయి.

పేపర్లో ఈ జాతికి సగటున 53 రోజులని ఉంది. మావి దానికి దగ్గరగానే వస్తున్నాయి.

మూడింటికి ఇంకా ఏమీ లేదు. వాటిలో 8 పిల్లల కాన్పులోవి రెండున్నాయి, 2, 5 నంబర్లు. అయిదో నంబరు ఎలుక మరీ చురుగ్గా ఉంది, బరువు బాగా పెరుగుతోంది. దీని ఒంట్లో ఏదో గడ్డను ఆపుతోందేమో అని మనసులో ఒక ఆశ మొదలైంది. మేడమ్‌కు చెప్పలేదు ఇంకా.

ఏప్రిల్ 8

కేజ్‌లు మార్చే రోజు. పన్నెండు గంటలప్పుడు అన్న తలుపు దగ్గరకొచ్చి పిలిచాడు.

"అమ్మా, ఒక్కపారి రా. దీనికేదో ఉంది. చేతికి తగుల్తుంది. గిది నెగెటివ్ డబ్బాలది కదా?"

ఆ ఎనిమిది పిల్లల కాన్పులోని ఏడో నంబరు. కార్డు మీద నా చేతిరాతతోనే నెగెటివ్ అని ఉంది. కుడి చంక కింద శనగ గింజ, స్పష్టంగా. గజ్జల్లో ఇంకోటి. అదే కేజ్‌లో మూడో నంబరును పట్టుకుని చూశాను. దానికీ ఉంది.

చేతులు చల్లబడిపోయాయి. నేను పాజిటివ్ అని రాసినవాటినే తడిమాను ఇన్నాళ్లూ. నెగెటివ్ కేజ్‌ను ఒక్కసారీ ముట్టుకోలేదు. టైమ్ మిగుల్తుందని అలా చేశాను.

2, 3, 5, 7, ఈ నాలుగింటికీ మళ్లీ చెవి ముక్క తీసి, ఈసారి ఒక్కో ట్యూబు విడివిడిగా పెట్టాను. రాత్రి తొమ్మిదిన్నరకు జెల్ ఫోటో వచ్చింది. 3, 7 పాజిటివ్. 2, 5 నెగెటివ్. సరిగ్గా తిరగబడింది.

ఏప్రిల్ 9

ఎక్కడ జరిగిందో దొరికింది. ఫిబ్రవరి 21 జెల్ ఫోటో ముందు పెట్టుకుని ఆ కాన్పులోని ఎనిమిదింటికీ కొత్తగా చేశాను. అసలు పాజిటివ్‌లు 1, 3, 4, 7. అప్పుడు రాసుకున్నవి 8, 6, 5, 2. ఒకదాని కింద ఒకటి రాస్తే కళ్లకు కనబడింది. ఒకటి ఎనిమిదైంది, మూడు ఆరైంది, నాలుగు అయిదైంది, ఏడు రెండైంది. ఎనిమిది ట్యూబుల స్ట్రిప్పు రెండు చివర్లూ ఒకేలా ఉంటుంది. మెషీన్‌లోంచి తీసి స్టాండులో పెట్టేటప్పుడు అటుది ఇటు తిరిగింది. పరీక్ష సరిగా నడిచిందో చూసే పాజిటివ్ కంట్రోల్ (జన్యువు ఉందని ముందే తెలిసినది), నీళ్ల కంట్రోల్ (డీఎన్ఏ లేనిది) వేరే స్ట్రిప్పులో ఉండటంతో అవి సరిగ్గానే వచ్చాయి, నాకు అనుమానం రాలేదు. మిగిలిన మూడు కాన్పులూ మళ్లీ చేసి చూశాను, అవి సరిగ్గా ఉన్నాయి.

మేడమ్ గదికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఒకటే అడిగారు. "నెగెటివ్ వాటిని ఎందుకు తడమలేదు?"

జవాబు చెప్పాను. చెప్తుంటేనే అర్థమైంది, స్ట్రిప్పు తిరగడం కన్నా పెద్ద తప్పు అదేనని. ఏది పాజిటివో తెలిసి తడిమితే వేలు కూడా వెతుక్కుంటుంది. లేదనుకున్నచోట వెతకదు. అయిదో నంబరు గురించి నేను పెట్టుకున్న ఆశ కూడా అలాంటిదే. అది మామూలు ఆరోగ్యమైన ఎలుక, అంతే.

3, 7 నంబర్లకు గడ్డ ఎప్పుడు మొదలైందో ఇక ఎవరికీ తెలియదు. ఆ రెండు గడుల్లో 'ఏప్రిల్ 8 కంటే ముందు' అని మాత్రమే రాయగలను. రెండు ప్రాణాల లెక్క అలా సగం పోయింది, అది నన్ను వదలట్లేదు.

ఇవాళ్టినుంచి మారినవి: ప్రతి స్ట్రిప్పుకూ మొదటి ట్యూబు మూతమీద నల్ల మార్కర్ గీత. ఎనిమిదో ట్యూబులో ఎప్పుడూ నీళ్ల కంట్రోలే, అంటే ఒక్కో స్ట్రిప్పులో ఏడు పిల్లలే. తిరగబడితే మొదటి ట్యూబు ఖాళీగా వచ్చి వెంటనే పట్టిస్తుంది. ఇక తడిమేటప్పుడు కార్డులమీద అన్న కాగితం అంటిస్తాడు. పాజిటివ్, నెగెటివ్ అన్నీ కలిపి ఆయన ఒక్కోటి తీసి ఇస్తాడు, నేను చూసి చెప్తాను, జూనియర్ రాస్తుంది. ఏది ఏదో అయిపోయాకే తెలుస్తుంది.

ఏప్రిల్ 10

అన్నిటికన్నా ఆలస్యమైనదానికి కూడా వచ్చింది, 66వ రోజు. సరిగ్గా తెలిసిన అయిదింటి లెక్క: 49, 52, 55, 58, 66. మధ్యది 55.

ఏప్రిల్ 23

రాత్రి యానిమల్ హౌస్ ఏసీ యూనిట్ ట్రిప్ అయింది. పొద్దున ఏడింటికి అన్న తలుపు తీసేసరికి గది 31 డిగ్రీలుంది, ఉండాల్సింది 22. బయట హైదరాబాదు ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఎలుకలు గూటి కాగితాలన్నీ పక్కకు నెట్టేసి, ఒకదానికొకటి దూరంగా, పొట్ట నేలకానించి పడుకుని ఉన్నాయి. చనిపోయినవి లేవు. మధ్యాహ్నానికి బాగైంది.

31 డిగ్రీలు ఎలుకకు ప్రమాదం కాదు. అసలు దానికి హాయిగా ఉండేది 30 దరిదాపుల్లోనే. ల్యాబుల్లో 22 పెట్టేది గౌన్లు, మాస్కులు వేసుకుని పనిచేసే మనకోసం. అమెరికాలో బఫెలో నగరంలో రోజ్‌వెల్ పార్క్ వాళ్లు 2013లో ఇదే చూపించారు. 22 దగ్గర ఎలుక ఎప్పుడూ చలితో పోరాడుతూనే ఉంటుంది, అక్కడ గడ్డలు వేగంగా పెరిగాయి. 30 దగ్గర ఉంచితే రోగనిరోధక కణాలు బాగా పనిచేసి గడ్డలు నెమ్మదించాయి. ఆ పేపర్ నేను ముందే చదివాను. కానీ మా గదికి సంబంధించిన సంగతి అని ఇవాళే తట్టింది.

ఇంకో భయం ఉంది. మా ఎలుకలోని ఎంఎంటీవీ స్విచ్ హార్మోన్లకు కదులుతుంది. స్ట్రెస్‌లో పెరిగే గ్లూకోకార్టికాయిడ్లకు కూడా. అంటే ఎలుక బెదిరితే, ఆ జన్యువే ఎక్కువ పనిచేసే అవకాశం ఉంది. డ్రిల్లింగ్, వేడి, కేజ్ మార్చడం, నా చేయి, అన్నీ ఆ స్విచ్ దాకా వెళ్లగలవు.

ఒక్క రాత్రికి ఎంత తేడా వస్తుందో ఈ కొద్ది ఎలుకలతో తేల్చలేం. తీసేయాలా ఉంచాలా అని మేడమ్‌తో గంట మాట్లాడాను. ఉంచుతున్నాం. గడ్డ మొదలైన రోజుల లెక్క ఈలోపే పూర్తయింది కాబట్టి దానికి ఢోకా లేదు. ఊపిరితిత్తుల లెక్క పక్కన మాత్రం ఈ రాత్రి సంగతి రాసి ఉంటుంది, రెండో బ్యాచ్‌తో పోల్చేదాకా.

మే 4

మొదటిది పరిమితి చేరింది. గడ్డ ఏదైనా 15 మిల్లీమీటర్లు దాటినా, పుండు పడినా, ఒళ్లు తగ్గినా, నడక తగ్గినా ఇక ఉంచకుండా దాని ప్రాణం తీసేయాలని ఎథిక్స్ కమిటీకి ముందే రాసిచ్చాం. సైజు ఇంకా 13 దగ్గరే ఉంది. కానీ పై చర్మం మెరుస్తూ పల్చబడింది. రేపటికి పగులుతుందని అన్న అన్నాడు. ఇంకో నాలుగు రోజులు ఉంచితే ఊపిరితిత్తుల్లో ఇంకొన్ని కనబడేవేమో. ఉంచలేదు.

మే 14

ఏడూ అయిపోయాయి. చివరిది పద్నాలుగు వారాలకు.

ఊపిరితిత్తుల్ని బూయాన్ ద్రావణంలో వేస్తే కణజాలం పసుపుపచ్చగా మారుతుంది, క్యాన్సర్ గడ్డలు తెల్లగా తేలతాయి. డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద ఒక్కో తమ్మెను తిప్పుతూ లెక్కపెట్టాను. కార్డు నంబర్లు తీసేసి, జూనియర్ వేరే కోడ్లు రాసిచ్చింది. ఏడింట్లో ఆరింటికి ఉన్నాయి. ఒకే కాన్పు అక్కచెల్లెళ్లు రెండు, వయసులో మూడు రోజుల తేడాతో తీసినవి. ఒకదానికి 4, ఇంకోదానికి 31. జన్యువులు దాదాపు ఒకటే, మేత ఒకటే, కేజ్ ఒకటే. మొదట తప్పు లెక్కపెట్టానేమో అనుకుని ఇద్దరం విడివిడిగా మళ్లీ చేశాం. 4, 30 వచ్చాయి.

31 ఉన్నదాని గడ్డలన్నీ కలిపి తూచితే 4 ఉన్నదానికన్నా తక్కువే. పెద్ద గడ్డ ఉన్నదే ఎక్కువ పాకుతుందని నేను అనుకుంటూ వచ్చాను. ఈ ఏడింట్లో అలా కనబడలేదు. మందు ప్రయోగంలో ఎన్ని ఎలుకలు కావాలో తేల్చేది ఈ చెదురే. ఇంత చెదురుంటే గుంపుకు ఏడెనిమిది చాలవు. ఇది ఇప్పుడే తెలియడం మంచిదైంది. మందు పెట్టాక తెలిస్తే అన్ని ప్రాణాలూ వృథా అయ్యేవి.

మే 18

రెండో బ్యాచ్‌కు జతలు కలిపాం. పాత మగవాటికి గడ్డలు మొదలవుతున్నాయి, మగవాటికీ వస్తాయి, ఆలస్యంగా. అందుకని ఫిబ్రవరి కాన్పుల్లోని పాజిటివ్ మగపిల్లల్ని వాడుతున్నాం, మళ్లీ జన్యు పరీక్ష చేసి చూసుకున్నాకే.

ఈసారి బెడ్డింగ్ మారుస్తున్నాం. ఇన్నాళ్లూ కేజ్‌ల్లో వేసింది మొక్కజొన్న కండెల పొడి. చవక, వాసన పీల్చుకుంటుంది, అన్నిచోట్లా వాడతారు. అయితే మొక్కజొన్న కండెలో హార్మోన్ల పనిని చెడగొట్టే పదార్థం ఉందని, అది ఎలుకల సంతానోత్పత్తి ప్రవర్తనను మారుస్తుందని, గాజు పాత్రల్లో రొమ్ము క్యాన్సర్ కణాల్ని పెంచుతుందని 2002లోనే ఒక అమెరికన్ బృందం రాసింది. ఎలుకలు ఆ పొడిని కొరుకుతాయి కూడా, నేను రోజూ చూస్తున్నదే. పీవైఎంటీ గడ్డల కణాల్లో మొదట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఉంటుంది, ముదిరేకొద్దీ పోతుంది. ఆ తొలి వారాల్లో అవి పడుకునే పరుపే హార్మోన్లను కదిపేదైతే, గడ్డ మొదలైన రోజు అని నేను రాసిన అంకెలో దాని వాటా ఎంత?

మేతలో సోయా కూడా ఉంది, దానికీ అదే ప్రశ్న. కానీ రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు. ముందు బెడ్డింగ్. సగం కేజ్‌లకు పాతదే, సగానికి చెక్క పొట్టు, ఏది ఏ కేజ్‌కు అన్నది చీటీలు తీసి నిర్ణయించాం. అన్నే తీశాడు చీటీలు.

జూన్ 8

మొదటి కాన్పు, 9 పిల్లలు, చెక్క పొట్టు కేజ్‌లో. తొమ్మిదింటికీ పొట్టలో పాల మచ్చ ఉంది. ఆ రాక్ దగ్గర వారం దాకా పని వద్దని కాగితం మళ్లీ అంటించాను. ఏసీకి స్టాండ్‌బై వచ్చింది, గది 22.4. స్ట్రిప్పుల డబ్బా తీసి, వందకూ మొదటి మూతలమీద నల్లగీతలు గీసి పెట్టుకున్నాను.